మీసమైపోయిన మైకు టోపీ

"నర్సంపేట దాక పోయొచ్చిన కాకా. తొవ్వ పొడుగునా మాట్లాడిన. ఒక్క మాటన్న వినవడ్తాందా?"

యమున ఫోను బల్ల మీద పెట్టింది. అందులోంచి 'బుస్స్' మంటూ గాలి హోరు తప్ప ఇంకేమీ రావడం లేదు.

హనుమకొండలో సారంగపాణిది చిన్న దుకాణం. బైకు మీద వీడియోలు తీసేవాళ్లకు కెమెరాలు, మైకులు అమ్ముతాడు. యమున మొన్ననే ఆయన దగ్గర కొత్త మైకు కొన్నది. ఆమె పక్కన నిలబడ్డ పదేళ్ల సౌమ్య ఆమె అక్క కూతురు.

సారంగపాణి మైకును అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మైకు మంచిగనే ఉన్నది బిడ్డా. మరి దీని బొచ్చు టోపీ ఏది?"

"బొచ్చు టోపీనా?"

"నల్లగ, మెత్తగ ఉంటది. మైకుకు తొడుగుతం. అది లేకుంటే గాలి చప్పుడే వస్తది."

"డబ్బాల అసొంటిదేం లేదు. మీరే పెట్టుడు మర్చిపోయిండ్రు."

కొనడానికి వచ్చిన ఇద్దరు మనుషులు తిరిగి చూశారు. సారంగపాణి ముఖం చిన్నబోయింది.

సౌమ్య చిన్నమ్మ వెనక్కి జరిగింది. ఆ డబ్బా ముందు విప్పింది తనే. స్కూలు నాటకంలో తనది రాజు వేషం. ఆ బొచ్చు ముక్క ఎందుకూ పనికిరాదనుకుంది. దాన్ని కత్తిరించి మీసం చేసుకుంది! ఇప్పుడు చెబితే చిన్నమ్మ మళ్లీ బండి ఎక్కించుకోదేమో. చెప్పకపోతే ఎవరికీ తెలియదు.

సారంగపాణి అల్మారాలో వెతకసాగాడు. "పెట్టిననే అనుకున్న... ముసలోన్నయిన, మర్చిపోయిన్నేమో," అని గొణుక్కున్నాడు.

ఆ మాట విన్నాక సౌమ్య ఆగలేకపోయింది.

"మీరు మర్చిపోలేదు తాతా! టోపీ డబ్బాలనే ఉండె. నేనే మీసానికి కత్తిరించిన."

యమున నోరు తెరిచి సౌమ్యను చూసింది. "ముందుగాల నన్ను అడగొద్దానే? కాకను ఊకెనే అంటి." ఆమె చేతులు జోడించింది. "మాఫ్ చేయండ్రి కాకా."

సారంగపాణి గుండె మీద చెయ్యి వేసుకుని గట్టిగా నవ్వాడు. "హమ్మయ్య! నా యాది మంచిగనే ఉన్నదన్నట్టు!"



ఆయన వేరే టోపీ తీసి మైకుకు తొడిగాడు. "ఒక చక్కర్ కొట్టి రాండ్రి. ఎట్ల వస్తాందో చూద్దాం."

యమున ఆ మైకును సౌమ్య హెల్మెట్‌కు పెట్టి బండి తీసింది. "ఏమన్న మాట్లాడు," అన్నది. సౌమ్య కాసేపు ఆలోచించి, మాట్లాడింది.

తిరిగి వచ్చాక సారంగపాణి ఆ రికార్డింగును ఫోనులో వినిపించాడు. బండి చప్పుడు, ఆటోల హారన్లు, వాటి మధ్య స్పష్టంగా సౌమ్య గొంతు.

"తాతా, అడగకుండ తీసుకున్నది నేనే. మీ తప్పేం లేదు."

"ఒక్క ముక్క పోలేదు!" అన్నాడాయన తృప్తిగా.

దుకాణంలో దూరంగా ఉన్న, ఇందాక తిరిగి చూసిన ఆ ఇద్దరికీ అది సరిగా వినబడినట్టు లేదు. సౌమ్య ఫోను అందుకుని, సౌండు పూర్తిగా పెంచి, మళ్లీ మొదటి నుంచి పెట్టింది.