కనకవాటి బొక్కసం, కువలయ నల్లపలక

కనకవాటి రాజ్యంలో పంటలకు కొదవ లేదు, వర్తకానికి కొదవ లేదు. అయినా బొక్కసం రోజురోజుకూ తరిగిపోతూండేది. తాళం వేసినట్టే ఉండేది, కాపలావాళ్లు కాపలాలోనే ఉండేవారు, సొమ్ము మాత్రం ఉండేది కాదు. మణికేతు మహారాజు మండిపడి, కోశాధికారి ధర్మపాలుణ్ణి చెరలో వేయించాడు. పున్నమిలోగా సొమ్ము ఎటు పోయిందో తేలకపోతే అతనికి దేశబహిష్కారమే.

ధర్మపాలుడి కూతురు కువలయ. తండ్రి చిల్లిగవ్వ ముట్టడని ఆమెకు తెలుసు. కానీ తెలిస్తే చాలదు, తేల్చాలి. కొండగుహలో లెక్క తేల్చే మాయపలక ఉందని విని, జొన్నరొట్టెలు మూటగట్టుకుని అడవిదారి పట్టింది.

దారిలో ఒక ఎలుగుబంటి అడ్డం నిలిచి, "మూటలో సగం పెడితేనే దారి" అంది. కువలయ పెట్టింది. అది మూతి తుడుచుకుని, "ఏదీ, నాకేం పెట్టావు?" అని బుకాయించింది.

"బయల్దేరినప్పుడు ఆరు రొట్టెలు. నా దగ్గర మూడున్నాయి. మిగతా మూడూ ఎక్కడో ఒకచోట ఉండాలిగా? నీ పొట్ట చూపించు!"

ఎలుగుబంటి పొట్ట తడుముకుని, సిగ్గుపడి పక్కకు తప్పుకుంది.

గుహలో ఒక ముని ఉన్నాడు, ఆయన ముందు నల్లపలక ఉంది. కువలయ బలపం అందుకుని, 'పలకమ్మా, మా నాన్నను కాపాడు తల్లీ' అని రాసింది. కింద తెల్లని అక్షరాలు మెరిశాయి: 'అర్థం కాలేదు.' ఇంకా పొడుగ్గా బతిమాలింది. మళ్లీ అదే జవాబు.

ముని పకపకా నవ్వాడు. "ఇది ఏడిస్తే కరగదు, పొగిడితే పొంగదమ్మా. చిన్నమాటతో ఆజ్ఞాపించాలి. చేర్చు, చూపు, సరిచూడు. అంతే! ఒకచోట కదిలిన వరహా ఇంకోచోట చేరాలి. ఆ చోటు పేరు చెప్పందే ఇది ఊరుకోదు."

"మా ఎలుగుబంటి పొట్టలాగా!" అంది కువలయ. ముని మురిసిపోయి పలక ఆమె చేతికిచ్చాడు.

కొలువులో అందరి ముందూ ఆమె రాబడులూ ఖర్చులూ ఒక్కొక్కటే చేర్చి, 'సరిచూడు' అని రాసింది. పలక వెంటనే బదులిచ్చింది: 'తేడా ఉంది. రోజూ ఉదయం సొమ్ము పోతోంది. ఎవరికి?'

"ఉదయం మీ చేతుల మీదుగా ఏమైనా పోతోందా మహారాజా?" అని అడిగింది కువలయ.

"దానమా? అది ఖర్చెలా అవుతుందమ్మా?" అన్నాడు రాజు. "దానం చూడకూడదు, లెక్కపెట్టకూడదు, రాయకూడదు. పుణ్యం తరుగుతుందని మా ఆచారం. నేను కళ్లు మూసుకుని బొక్కసం సంచి పట్టుకుంటాను. రోజూ వచ్చే సన్యాసి ఒకడు కావలసింది తీసుకుంటాడు."

"నేనూ మొహం తిప్పుకునేవాణ్ణి తల్లీ" అన్నాడు సంకెళ్లలోని ధర్మపాలుడు.

మర్నాడు ఉదయం సన్యాసి కొలువుకు రానే వచ్చాడు. కువలయ పలక పట్టుకుని ఎదురు నిలిచింది. "పేరు చెప్పండి స్వామీ, చేర్చాలి."

"సన్యాసికి పేరేమిటే పిల్లా!" అని అతను రాజు పట్టుకున్న సంచిలో చెయ్యి పెట్టాడు. ఒక్క వరహా కూడా కదల్లేదు. పలక మీద 'పేరు లేదు' అని మెరుస్తోంది. లాగి లాగి విసిగి, వాడు కొండంత రాక్షసుడై లేచాడు. కొలువంతా హడలిపోయింది. కువలయ మాత్రం అడుగు వెనక్కి వేయలేదు.

"నన్నే ఆపుతావా? నేను శూన్యముఖుణ్ణి!" అని గర్జించాడు వాడు.

కువలయ చకచకా రాసింది: 'చేర్చు. పోయిన సొమ్మంతా శూన్యముఖుడి దగ్గర.'

ఇంకేముంది! దాచుకున్న వరహాలన్నీ రాక్షసుడి నోట్లోంచి గలగలా రాలాయి. వాడు చిక్కి చిక్కి బూడిదైపోయాడు. పలక 'సరిపోయింది' అంది.

రాజు స్వయంగా ధర్మపాలుడి సంకెళ్లు విప్పి క్షమాపణ అడిగాడు. కువలయను కోశాధికారిణిని చేశాడు. "దానం మానకండి ప్రభూ, కళ్లు తెరిచి ఇవ్వండి" అందామె. బొక్కసం తాళాలు కూతురి చేతిలో పెడుతుంటే ధర్మపాలుడి ఛాతీ గర్వంతో ఉప్పొంగింది. "ఈమె నా కూతురు" అని, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ కూడా చెప్పుకున్నాడు.

కొలువు చాలించాక కువలయ తన సొంత లెక్క ఒకటి రాసుకుంది: 'చేర్చు. మూడు జొన్నరొట్టెలు, ఎలుగుబంటికి దానం.' పలక ఒప్పుకుంది.