నాలుగో మోడ్

ముప్పయ్యేళ్లుగా ఎవరెవరివో బళ్లు తోలి నా నడుం అరిగిపోయింది. అందుకే నేను పనిచేసే కాంట్రాక్టరుగారు ఆ నల్ల కారు సెకండ్ హ్యాండ్‌లో కొన్నప్పుడు ఆయనకంటే నేనే ఎక్కువ సంతోషించాను. సీటు పరుపులా ఉంటుంది. ఓపికున్నన్నాళ్లు ఇందులో నెట్టుకొస్తే చాలనుకున్నాను.

బండి అప్పగించడానికి పాత డ్రైవరు వచ్చాడు. అపార్ట్‌మెంటు సెల్లారులో నన్ను పక్కన కూర్చోబెట్టుకుని గేరు పక్కనున్న బటన్లు చూపించాడు.

"ఇది ఎకో అన్నా. కాలు ఎంత నొక్కినా బద్ధకంగా కదులుతుంది, పెట్రోలు మిగులుతుంది. ఇది కంఫర్ట్, రోజూ తిరగడానికి. ఇది స్పోర్ట్. స్టీరింగు బిగుసుకుంటుంది, కింద సస్పెన్షన్ గట్టిపడుతుంది. ముట్టుకుంటే ఉరుకుతుంది గానీ, రోడ్డు మీది ప్రతి గుంటా నడుముకి తెలుస్తుంది."

"మరి నాలుగోది?"

అతను బటన్ల మీంచి చెయ్యి తీసేశాడు. "అది మనకి కావలసినట్టు మనమే కుదుర్చుకునేది. మా ఓనరుగారి తల్లి, పెద్దమ్మగారి కోసం నేనే కుదిర్చాను. ఆవిడకి ఒళ్లంతా నొప్పులు. చిన్న కుదుపు కూడా ఓర్చుకోలేకపోయేది. అన్నీ మెత్తగా, మెల్లగా ఉండేట్టు పెట్టాను. అందులో పెడితే హాయిగా నిద్రపోయేది, పాపం..." వెనక సీటు వైపు ఒకసారి చూశాడు. "ఒకరోజు ఆ నిద్రలోనే పోయింది. ఇంటికెళ్లి డోరు తీసేదాకా నాకు తెలియనే లేదు."

"అయ్యో. మరి ఆ మోడ్ తీసేయకపోయావా?"

"తీశాను అన్నా. మళ్లీ వచ్చింది."

తాళం నా చేతిలో పెట్టి, లిఫ్టు కోసం కూడా ఆగకుండా మెట్లెక్కి వెళ్లిపోయాడు.

కాంట్రాక్టరుగారికి మోడ్‌ల గొడవేమీ తెలియదు. ఎక్కగానే "స్పోర్ట్‌లో పెట్టవయ్యా" అంటారు. ట్రాఫిక్‌లో పది అడుగులు కదిలి "చూశావా పవరు!" అని మురిసిపోతారు. ఆయన దిగి నేనొక్కణ్ణే మిగిలాక, ఒక్కోసారి బండి దానంతటదే నాలుగోదానికి మారేది. లోపలి అద్దం దానంతటదే, వెనకున్న ఎడమ సీటు వైపు వంగేది. ఏసీలోంచి నొప్పుల తైలం వాసన వచ్చేది. నేను విసుక్కుని అన్నీ సరిచేసుకునేవాణ్ణి. అలిసిపోయిన మనిషికి భయపడే ఓపిక కూడా ఉండదు.

నెలలు నిండకుండానే మా అమ్మాయికి నొప్పులు మొదలైన సాయంత్రం వాన పడుతోంది. అల్లుడు డ్యూటీలో ఉన్నాడు, అంబులెన్సు జాడ లేదు. కాంట్రాక్టరుగారికి ఫోన్ చేస్తే "అడుగుతావేంటయ్యా, బండి తియ్యి" అన్నారు. అమ్మాయిని చూపిస్తున్న ఆసుపత్రిలోనే మా ఆవిడ ఆయా. గేటు దగ్గర స్ట్రెచర్‌తో నిలబడతానంది. "బిడ్డ కదలిక చూసుకుంటూ ఉండమను. అది ఆగకూడదు. తొందరగా తీసుకురా" అంది.

అమ్మాయిని వెనక పడుకోబెట్టి స్పోర్ట్ నొక్కాను. డాష్‌బోర్డు ఎర్రబడింది. బండి ఉరికింది. మొదటి గుంటకే అమ్మాయి కేక పెట్టింది.

"మెల్లగా నాన్నా..."

"కాస్త ఓర్చుకో తల్లీ."

రెండో గుంటకి కేక వినపడలేదు. అసలు గుంటే తెలియలేదు. ఎర్ర వెలుతురు పోయి మసక నీలం వచ్చింది. నాలుగో మోడ్... నేను ముట్టుకోలేదు. కాలు పూర్తిగా అదిమినా బండి తీరిగ్గా జారుతోంది. టైర్ల చప్పుడు లేదు. అద్దాల మీద వాన చప్పుడు కూడా లేదు. తైలం వాసన గుప్పుమంది.

"నాన్నా... నొప్పి తగ్గింది. ఎవరో కడుపు మీద చెయ్యి వేసినట్టుంది. చల్లగా... నిద్రొస్తోంది."

లోపలి అద్దం దానంతటదే కిందికి వంగింది. అమ్మాయి ఎడమ పక్కకి తల వాల్చి పడుకుంది. ఆ తల సీటుకి ఆనలేదు. జానెడు పైన ఆగి ఉంది... ఎవరి ఒళ్లోనో పెట్టుకున్నట్టు.

"బిడ్డ కదులుతోందా అమ్మా?"

"లేదు. పడుకుందంటున్నారు..."

ఎవరంటున్నారని నేను అడగలేదు.

స్పోర్ట్ నొక్కాను. ఎర్ర వెలుతురు వచ్చింది... పోయింది. మళ్లీ నొక్కాను. పోయింది.

"అమ్మగారూ, మీకు దణ్ణం పెడతాను. నా కూతుర్ని వదిలేయండి."

నా చెవి పక్కనే, మా అమ్మాయిది కాని గొంతు... "మెల్లగా పోనీ బాబూ."

ఆసుపత్రికి అడ్డదారి ఒకటుంది. మా కాంట్రాక్టరుగారే పైపుల కోసం తవ్వించి, పూడ్చకుండా వదిలేసిన రోడ్డు. రోజూ తిట్టుకునేవాణ్ణి. స్టీరింగు అటు తిప్పేశాను. బొటనవేలు స్పోర్ట్ బటన్ మీద అదిమి పట్టి తియ్యలేదు. ఆ గుంటల ముందు ఏ మెత్తదనమూ నిలవలేదు. బండి ఎగిరెగిరి పడింది. నా నడుం విరిగినంత పనైంది.

"నాన్నా! అమ్మో... నొప్పి... కదిలింది నాన్నా, కదిలింది!"

"అరువు తల్లీ, ఇంకా గట్టిగా అరువు" అన్నాను. కన్నకూతురు నొప్పితో అరుస్తుంటే సంతోషంతో ఏడ్చాను.

ఆడపిల్ల పుట్టింది. వార్డంతా అదిరిపోయేలా ఏడ్చింది. బండి పక్కన పెడదామని బయటికొచ్చి చూస్తే స్క్రీన్ మీద మూడే మోడ్‌లున్నాయి. నాలుగోది లేదు. తైలం వాసనా లేదు. పీడ విరగడైందనుకున్నాను. బండి ఆ రోజు నుంచి చెప్పినట్టు వింటోంది. వదిలి వెళ్లినావిడ ఎటు వెళ్లిందో మాత్రం నేను ఆలోచించలేదు.

పాప ఇప్పుడు బోర్లా పడుతోంది. ఉయ్యాల గట్టిగా ఊపితే ఏడుస్తుంది. అప్పుడు ఊపు దానంతటదే మెత్తబడుతుంది. గొలుసుల కీచు చప్పుడు ఆగిపోతుంది. పాప నిద్రలోకి జారుకుంటుంది. "ఎంత బుద్ధిమంతురాలో" అని అమ్మాయి మురిసిపోతుంది. నేను వెళ్లి పాప కాలు గిల్లుతాను. కెవ్వుమంటుంది. "పడుకున్న పిల్లని ఏడిపిస్తావు, నీకేం వచ్చింది నాన్నా!" అని అమ్మాయి తిడుతుంది. ఆ తిట్లు వింటే నాకు ప్రాణం లేచొస్తుంది.

ఈ మధ్యాహ్నం అమ్మాయి స్నానానికి వెళ్లింది. ఉయ్యాల తాడు పట్టుకుని కూర్చున్నవాణ్ణి, ఒళ్లు తెలియని అలసటతో కునుకు తీశాను. మెలకువ వచ్చేసరికి తాడు నేల మీద పడి ఉంది. ఉయ్యాల ఊగుతోంది. గొలుసుల చప్పుడు లేదు. గదంతా తైలం వాసన...

లేచి వెళ్లి కాలు గిల్లాను.

ఇంకాస్త గట్టిగా గిల్లాను.