కాదనకూడని గది

శ్రీరామ్మూర్తి టైపు చేస్తున్న వాక్యం పూర్తి కాలేదు. మద్దిలపాలెం నెట్ సెంటర్‌లో, పట్టపగలు, సైలెన్సర్ బిగించిన పిస్టల్ అతని మెడ వెనక ఒక్కసారి తుమ్మింది. ఉద్యోగమంతా ఓడల్ని విశాఖ రేవులోకి నడిపించిన పెద్దమనిషి కీబోర్డు మీదే ఒరిగిపోయాడు. రక్తం చిందిన మానిటర్ మీద అతని ఆఖరి మాటలు మిగిలాయి: 'ఇది ఆట కాదు. ఇది మా రేవు. ఈ ఐడియా'

అది 2004 మే నెల.

"చాట్ రూమ్ పేరు ఐడియా అడ్డా," అన్నాడు చీఫ్ గురునాథరావు. "తలా ఒక ఊళ్ళో ఉన్న కుర్రాళ్ళు. ఒకడి మొహం ఒకడు చూడలేదు. వీడియో గేమ్‌కి కథ అల్లుతున్నామనుకుంటున్నారు, పాపం. రూల్ ఒక్కటే. ఎవరి ఐడియానీ కాదనకూడదు, దాని మీద ఇంకోటి పేర్చాలి. పేర్చిందంతా విదేశీ ముఠా నాయకుడు, కెప్టెన్ అనేవాడు, ఏరుకుంటున్నాడు."

"టార్గెట్?"

"రేవులో గ్యాస్ దించుతున్న ఓడ. పేలితే పక్కనున్న వన్‌టౌన్ మిగలదు. ఎలా వస్తారో తెలీదు. కనుక్కో."

ఏజెంట్ మణికంఠ లేచి నిలబడ్డాడు. అతని అక్క గౌరీశ్వరి కాపురం వన్‌టౌన్‌లోనే.

ఆ రూముని నడిపేది మధులత. షిఫాన్ చీర, నల్ల కళ్ళద్దాలు, రెండు వైపులా జీతం! బీచ్ రోడ్డు హోటల్లో ఆమె ఎదురుగా కూర్చున్నాడు మణికంఠ.

"కెరటాలు ఎలా ఉన్నాయి?"

"ఉప్పు తగ్గింది," కోడ్ అప్పజెప్పి, పాస్‌వర్డ్ అతని చెవిలో చెప్పి నవ్వింది మధులత.

ఆ నవ్వు ఖరీదు లిఫ్ట్‌లో తెలిసింది. తలుపులు మూసుకోగానే వెనకవాడు కత్తి దూశాడు. మణికంఠ భుజం చీలింది. వాడి మణికట్టు విరిచి, ఆ కత్తినే వాడి డొక్కలో దించాడు మణికంఠ. తర్వాత వాడి సెల్‌ఫోన్ తీసి మధులతకి మెసేజ్ కొట్టాడు: 'పని అయింది.'

ఇక చచ్చినవాడికి భయమేముంది! రూములో దూరి చదివాడు.

'చేపల మరబోటులో బాంబు పెడదాం.'

'సూపర్! పైన వలలు కప్పుదాం.'

'అన్ని బోట్లలో దాన్నెవడు గుర్తుపడతాడు?'

నిజమే, ఎవడు గుర్తుపడతాడు? పరుగున ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళి చిన్ననాటి స్నేహితుడు ఎల్లారావుని అడిగాడు. జాలరి ఎల్లారావు పగలబడి నవ్వాడు.

"మతిపోనాదేటి బావా? ఇప్పుడు ఏట బందు కదా! సేపలు గుడ్లెట్టే కాలం. మరబోటన్నది ఒక్కటీ కదల్దు. కదిల్తే మావోల్లే తంతారు."

ఎక్కడెక్కడో కూర్చున్న కుర్రాళ్ళకి ఆ సంగతేం తెలుసు! ఆ గదిలో విశాఖవాడు శ్రీరామ్మూర్తి ఒక్కడే. కాదని చెప్పగల ఆ ఒక్కణ్ణీ ముఠా చేజేతులా చంపుకుంది.

మర్నాడు తెల్లారేసరికి ఖాళీ సముద్రం మీద ఒకే ఒక్క మరబోటు రేవు వైపు వస్తోంది. ఎల్లారావు నాటుపడవ దానికి అడ్డంపడింది. తలపాగా చుట్టుకున్న మణికంఠ ఎగిరి అందులోకి దూకాడు. మొదటివాడి కణత మీద తెడ్డు దిగింది, పుర్రె పగిలింది. రెండోవాడి గుండెలో తూటా. వలల చాటు నుంచి లేచిన కెప్టెన్ మణికంఠ నుదుటికి గురిపెట్టాడు.

ఢాం!

కూలింది కెప్టెన్. వాడి వెనక, అదే బోటులో, జాలరి చీరలో మధులత, చేతిలో పొగలు కక్కుతున్న రివాల్వర్.

"నేను మీ మనిషినే కదా!" అంది.

"శ్రీరామ్మూర్తిగారు ఒప్పుకుంటే అలాగే," అని ఆమె చేతులకు బేడీలు వేశాడు.

"బావా, ఇదేటి, వలల కింద అంకెలు తగ్గిపోతన్నాయి!" ఎల్లారావు అరిచాడు.

మణికంఠ వలలు లాగేశాడు. మూడు. ఎర్ర తీగ. రెండు. కాదు, దాని కింది నల్లది. కత్తి ఆడింది. టైమర్ ఒకటి దగ్గర ఆగింది. అక్క గుర్తొచ్చి అతని కళ్ళు చెమ్మగిల్లాయి. దాచుకోలేదు.

సాయంత్రం కట్టు కట్టిన భుజంతోనే ఐడియా అడ్డాలో టైపు చేశాడు: 'బోటు దొరికిపోయింది. కెప్టెన్ చచ్చాడు. ఓడ క్షేమం. కథ అయిపోయింది.'

నాగపూర్ నుంచి ఒక కుర్రాడు వెంటనే జవాబిచ్చాడు: 'ఆఖర్లో హీరో గెలవడం పాత చింతకాయ పచ్చడి గురూ. ఇంకేదైనా ఆలోచించు.'