తడి చీర మొక్కు

యాదవ్వ పొద్దున్నే తలమీదుగా నీళ్లు పోసుకుని, కట్టిన చీర కట్టినట్టే దేవుని అర్రలోకి వచ్చింది. చీర అంచు నుంచి నీళ్లు కారి గడప దాకా తడి చార పడింది. ఆమె మొక్కుకు అది ఇరవై తొమ్మిదో రోజు.

కొడుకు సంపత్ మస్కట్‌లో పని చేసేచోట పైనుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడని ఫోన్ వచ్చిన నాడే ఆమె వేములవాడ రాజన్నకు మొక్కుకుంది. నలభై ఒక్క రోజులు తడి చీరతో దీపం పెడతానని, ఆ చీర ఒంటి మీదే ఆరేదాకా మార్చనని, కొడుకు తన కాళ్ల మీద నడిచి ఇల్లు చేరితే ఆయన గుడిలో కోడెదూడను కడతానని. వానాకాలం కావడంతో ముసురు పట్టిన రోజుల్లో ఆ చీర ఆరేసరికి మధ్యాహ్నం దాటేది.

కోడలు దీపిక కూతురు ప్రజ్ఞకు పాలు వెచ్చబెడదామని వంటింట్లోకి రాబోయింది.

"ఆడనే ఉండు. పాలు నేను వెచ్చవెడ్త," అంది యాదవ్వ. "నైవేద్యం వండే పొయ్యి అది. నీ చెయ్యి జూసుకున్నవా?"

దీపిక ముంజేతి మీద మూడు గుండ్రటి మచ్చలున్నాయి. అంచులు ఎర్రగా పొంగి, నడుమ చర్మం మామూలుగా ఉంది. తామర. రెండేళ్ల ప్రజ్ఞ తొడ మీద కూడా అలాంటిదే ఒకటి.

"వారం సంది వంటింట్లకు రానిస్తలేవు. నా పల్లెం వేరే, నా చెంబు వేరే. ఇంకెన్ని రోజులు అత్తమ్మా?"

"తగ్గేదాక. మీ అవ్వగారింటికి వొయ్యొచ్చినంకనే అంటుకున్నది నీకు. ఆడికెల్లి తెచ్చి పొల్లకు గూడ అంటించినవ్."

"మా ఇంట్ల ఎవలకు లేదు."

"ఉన్నా చెప్తరా మీవోళ్లు?"

అరుగు మీద చాయ్ తాగుతున్న యాదవ్వ భర్త రాజం గొంతు పెంచాడు. "పొద్దుపొద్దున్నే షురూ జేసిండ్రా? దీపికా, నేను తెచ్చిన మందు గొట్టం రాస్తలేవా?"

"రాస్తున్న మామా. రెండు రోజులు మాయమైతది, మూడో రోజు ఇంకింత పెద్దగ లేస్తది. ఇయ్యాల మంచిర్యాలల చర్మం డాక్టర్‌కు సూపిస్త."

"తామరకు గూడ డాక్టరేనా?" అని యాదవ్వ దీపం వత్తి సరిచేసింది. "మా కాలంల వేపాకు నూరి పూసుకుంటుంటిమి."

అయినా రాజం చెప్పులు వేసుకున్నాడు. కోడలు పసిదాన్ని వేసుకుని ఒంటరిగా బస్సెక్కడం ఆయనకు ఇష్టం లేదు.

డాక్టర్ రోజారాణి దీపిక చేతి మీద మచ్చ అంచును చిన్న బ్లేడుతో మెల్లగా గీకింది. రాలిన పొట్టును గాజు పలక మీద వేసి, ఒక చుక్క మందు కలిపి, కాసేపాగి మైక్రోస్కోపులో చూసింది.

"ఫంగస్సే. ఇంతకు ముందు ఏం రాశారు?"

రాజం జేబులోంచి గొట్టం తీశాడు. డాక్టర్ దాని మీద రాతను వేలితో చూపించింది.

"దీంట్ల స్టెరాయిడ్ ఉంది పెద్దాయినా. దురద, ఎరుపు తొందరగా తగ్గిస్తది. మానిందనుకుంటం. కానీ ఫంగస్ చావదు, లోపల్లోపల పాకుతది. ఎక్కువ రోజులు రాస్తే చర్మం పల్చగైతది. షాపులో అడిగి ఇట్లాంటివి కొనొద్దు." తర్వాత ప్రజ్ఞ తొడ లోపలి మచ్చను చూసింది. "ముందు ఎవరికొచ్చింది? నీకా, పాపకా?"

దీపిక ఆలోచించింది. "పాపకే మేడం. చెమట పొక్కు అనుకున్న."

"పాపను ఎక్కువ ఎవరు సంకనెత్తుకుంటరు?"

"మా అత్తమ్మ," అంది దీపిక. పొద్దుటి నుంచి మాపటి దాకా ప్రజ్ఞ ఆమె నడుము మీదే ఉంటుందని ఇంట్లో అందరికీ తెలుసు.

"లంగా నాడా కట్టుకునేచోట ఆడవాళ్లకు ఇది చాలా మామూలు," అంది డాక్టర్. "చెమట, తడి ఉంటే ఇంకా ఎక్కువ. సిగ్గుపడి చూపించరు. ఆమెను కూడా తీసుకురా. ఒక్కరిని వదిలేసి మిగిలినోళ్లకు వైద్యం చేస్తే నెలకే మళ్లీ మొదటికొస్తది."

బస్సులో లక్సెట్టిపేట దాటాక రాజం అడిగాడు. "పదిహేను రోజుల్ల మూడు గొట్టాలు తెప్పిచ్చింది మీ అత్త. అన్నీ నీకేనా?"

"నాకిచ్చింది ఒక్కటే మామా."

ఇంటికి చేరేసరికి యాదవ్వ వాకిట్లోనే ఎదురొచ్చింది. "నా బంగారమొచ్చింది," అని చేతులు చాచింది. ప్రజ్ఞ కూడా నానమ్మ వైపు వంగింది. దీపిక పిల్లను వెనక్కి లాక్కుంది.

"ఏందే, ఇయ్యి పొల్లను."

"ఇయ్య అత్తమ్మా. ముందుగాల నీ నడుము సూపియ్యి."

యాదవ్వ ముఖం మాడిపోయింది. "నిత్తె తలకు వోసుకొని దేవుని ముందర నిలవడేదాన్ని. నన్ను సూపియ్యమంటున్నవా? ఇంటున్నవా నువ్వు?" అని భర్త వైపు తిరిగింది.

"సూపియ్యకుంటె నేను పొల్లను దీస్కొని మా అవ్వగారింటికి వోత," అంది దీపిక. గొంతు పెంచలేదు. "నీకు తగ్గినంకనే తీస్కొస్త. వారం రోజులు కుక్కకేసినట్టు గడప బయట అన్నం వెట్టినవ్. పడ్డ. గిప్పుడు పొల్ల సంగతి."

"యాదీ," అన్నాడు రాజం. "తక్కిన రెండు గొట్టాలు ఎవలకు?"

యాదవ్వ లోపలికి నడిచి, తలుపు చాటున నిలబడి చీర కుచ్చిళ్లు వదులు చేసింది. నడుము చుట్టూ పటకా కట్టినట్టు మచ్చలు ఒకదానితో ఒకటి కలిసిపోయి ఉన్నాయి. కొన్నిచోట్ల గోకి గోకి పుండు పడింది. వెంట వచ్చిన దీపిక వంగి చూసింది.

"ఇన్ని రోజులు ఎట్ల ఓర్సుకున్నవ్?"

"ఓర్సుకోక?" యాదవ్వ గోడకు ఆనుకుని కూలబడింది. "చెప్తే డాక్టర్ దగ్గరికి తోల్కవోతరు. తడి బట్ట కట్టద్దంటరు. మొక్కు నడుమల ఇడిస్తె నా కొడుకు కాలేమైతది? నీ చేతికి కనవడంగనే నీ మీదికి తోసిన బిడ్డా. నాకెల్లి వచ్చిందని నాకు ఎరికనే." కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

రాజం గడప మీద కూర్చున్నాడు. "వేములవాడల గుండంల మునుగుతం, తడి బట్టతోనే దర్శనం జేసుకుంటం. బయటికి రాంగనే పొడి బట్ట కట్టుకుంటం. రాజన్న ఎన్నడన్న కోపం జేసిండా? ఒంటి మీద ఆరేదాక ఉండమని ఆయినె అడిగిండా, నువ్వే కలుపుకున్నవా?"

యాదవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుంది. "నేనే అన్న," అంది. "ఎంత కష్టమైతె అంత ఇంటడనుకున్న."

మరునాడు ఆమె కూడా మంచిర్యాల వెళ్లింది. అందరికీ మందు, పెద్దవాళ్లకు మాత్రలు రాసింది డాక్టర్. మచ్చ మీదే కాకుండా చుట్టూ రెండు వేళ్ల వెడల్పు దాకా రాయాలంది. మచ్చ కనిపించకుండా పోయినా రెండు వారాలు ఆపొద్దంది. ఎవరి తువ్వాల వాళ్లదే, బట్టలు వేడి నీళ్లలో ఉతికి ఎండకు ఆరేయాలి, ఎండ లేకపోతే ఇస్త్రీ చేయాలి. తడి బట్ట మాత్రం ఒక్క నిమిషం కూడా వద్దంది. యాదవ్వ అన్నిటికీ తలూపింది, ఆఖరి మాటకు తప్ప.

ముప్పై ఒకటో రోజు పొద్దున తెరిపి ఇచ్చింది. యాదవ్వ స్నానం చేసి, ఒళ్లు పొడిగా తుడుచుకుని, దేవుని అర్రలో మందు గొట్టం పట్టుకుని నిలబడింది. ముందు వైపు రాసుకుంది. వెనక్కి చెయ్యి తిప్పితే సగం దాకే అందుతోంది.

"దీపికా, జర ఇటు రా."

"యాడికి?"

"అర్రలకే. వెనుక నాకు అందుతలేదు."

దీపిక గడప దాటి వచ్చింది. అత్త వెనుక మోకాళ్ల మీద కూర్చుని, మచ్చల చుట్టూ రెండు వేళ్ల వెడల్పు కొలిచి మరీ మందు రాసింది. పుండు పడిన చోట వేలు తేలిక చేసింది. యాదవ్వ భుజాలు కదులుతున్నాయి.

"మండుతుందా అత్తమ్మా?"

"లేదు." ముక్కు చీదుకుంది. "నన్ను ముట్టుకుంటె అంటుకుంటదని అనవేందే నువ్వు?"

"ఇంకేం అంటుకుంటది, నీదే గద నాకున్నది," అంది దీపిక. యాదవ్వకు ఏడుపులోనే నవ్వొచ్చింది.

దీపిక సబ్బుతో చేతులు కడుక్కుని, అడగకుండానే పొయ్యి మీద పాలు పెట్టింది. యాదవ్వ పొడి చీర కట్టుకుని దేవుని ముందు నిలబడింది. నెల రోజుల తర్వాత మొదటిసారి ఒంటికి చలిగా లేదు. అదే ఆమెకు భయంగా ఉంది. "రాజన్నా, ఇంతే చేతనైతది నాకు. నీకు తక్కువైతె నన్నడుగు, పిల్లలను అడగకు," అంది మెల్లగా.

అగ్గిపుల్ల గీసింది. దీపం మొదటి పుల్లకే అంటుకుంది.