ఆగని ఊపిరి

బావతో ఒకే టెంటులో పడుకోవడం కన్నా ఎలుగుబంటితో ఒకే గోనెసంచిలో దూరడం నయమని పొడుగోడు కనబడిన వాళ్ళందరికీ చెప్పుకునేవాడు. ఆ టెంటు మీద ఇద్దరికి సరిపోతుందని రాసి ఉంటుంది గానీ, ఆ రాసినవాడు ఏనాడూ ఇంకొకరితో కలిసి అందులో పడుకుని ఉండడు. ఒకరు పక్కకి తిరగాలంటే రెండోవారి అనుమతి కావాలి. పొడుగోడు ఎంత ముడుచుకున్నా వాడి మోకాళ్ళు వెళ్ళి బావ వీపులో దిగేవి. బావ తక్కువ తిన్నాడా? ఆ మోకాళ్ళ పోటు లేకపోతే ఇప్పుడు తనకి నిద్రే పట్టడం లేదని, ఇంటికెళ్ళాక మీ అక్కకి కూడా ఆ విద్య నేర్పించాలని అనేవాడు.

ఇద్దరిదీ ఒకటే పని. కొండ ఎక్కడానికి వచ్చేవాళ్ళ కన్నా ముందు వెళ్ళి మంచులో మేకులు దిగ్గొట్టి తాళ్ళు బిగించాలి, పై క్యాంపుల్లో టెంట్లు వేయాలి, మంచు కరిగించి తాగే నీళ్ళు తయారు చేయాలి. శిఖరం మీద నిలబడి ఫొటో దిగేది ఇంకొకరు. అందుకు వాళ్ళకేం బాధ లేదు. పెళ్ళికొడుకు వేరు, పందిరి వేసేవాడు వేరు అని బావ తీసి పారేసేవాడు.

ఆ ఏడాదితో బావ కొండ మానేస్తున్నాడు. ఇంటి కిందనే సైకిళ్ళ రిపేరు షాపు పెట్టుకోవడానికి అక్క ఒక గది మాట్లాడి పెట్టింది. కొండకి బయల్దేరే ముందు తమ్ముడికి ఫోన్ చేసి, "మీ బావని దించుకొచ్చే పూచీ నీది. నువ్వొక్కడివే దిగొస్తే మాత్రం నా గుమ్మం తొక్కకు" అంది. నవ్వుతూనే అంది. ఆ నవ్వు వెనకాల ఏముందో పొడుగోడికి తెలుసు కాబట్టి తిరిగి నవ్వలేకపోయాడు.

అక్క భయమంతా మూడో క్యాంపు గురించి. వరసగా రెండేళ్ళు అక్కడ మనుషులు పోయారు. కొండ మీద చావు కొత్త కాదు. కాలు జారితే పోతారు, మంచు విరిగి మీద పడితే పోతారు, అది ఎవరికైనా అర్థమవుతుంది. వీళ్ళు అలా పోలేదు. టెంటు చిరగలేదు. సిలిండర్లలో ఆక్సిజన్ ఉంది. తిండి ఉంది, స్టవ్వు ఆర్పేసే ఉంది. ఉన్నట్టుండి ఒక రాత్రి పడుకున్నవాళ్ళు తెల్లారి లేవలేదు. ఎత్తు వల్ల పోయారని కాగితాల మీద రాసి సంతకాలు పెట్టారు. బేస్ క్యాంపులో ఉండే డాక్టరమ్మ మాత్రం ఉన్న మాట చెప్పింది. ఒక్కరు పోతే తనూ ఎత్తు వల్లే అనేదాన్నని, టెంటులో ఉన్నవాళ్ళంతా ఒకే రాత్రి ఎలా పోయారో తనకీ అంతు చిక్కలేదని ఒప్పుకుంది.

ఊపిరి సంగతి అందరికీ నేర్పింది కూడా ఆవిడే. అంత ఎత్తులో నిద్రపోయేవాడి ఊపిరి కింద ఊళ్ళో లాగా నడవదు. నాలుగైదు పెద్ద ఊపిర్లు తీసి, ఠక్కున ఆగిపోతుంది. పక్కన మేలుకుని ఉన్నవాడి గుండె గుభేలుమంటుంది. అంతలో నీళ్ళలోంచి పైకి తేలినవాడిలా ఒక్కసారి గాలి లాగి మళ్ళీ మొదలుపెడతాడు. గాలి పలచగా ఉన్నచోట ఎవరికైనా ఇంతేనని, మరీ ఆలస్యమైతే మోచేత్తో ఒక పోటు పొడవమని డాక్టరమ్మ చెప్పింది. అప్పట్నుంచి ప్రతి టెంటులోనూ మేలుకున్నవాడు నిద్రపోయేవాడి ఊపిరికి కాపలా కాసేవాడు. బావ ఊపిరి ఎక్కడ ఆగుతుందో, ఎలా తిరిగొస్తుందో పొడుగోడికి కంఠతా వచ్చు.

ఆ రోజు రెండో క్యాంపులో స్టవ్వు మీద మంచు కరుగుతుండగా వైర్‌లెస్ సెట్టులో బేస్ క్యాంపు నుంచి మేనేజరు పిలిచాడు. ముందురోజు మూడో క్యాంపుకి ఎక్కిన ఇద్దరూ పొద్దుట్నుంచి పలకడం లేదట. ఒకాయన పళ్ళ డాక్టరు. రెండో ఆయన అతని చిన్ననాటి స్నేహితుడు, బళ్ళో డ్రాయింగు మాష్టారు. మంచి మనుషులు. పళ్ళ డాక్టరు బేస్ క్యాంపులో బావని ఒక రాయి మీద కూర్చోబెట్టి, నోరు తెరిపించి, పుచ్చిపోయిన దవడ పన్ను చూసి, కిందికి దిగాక ఒకసారి రమ్మని, నొప్పి తెలీకుండా పీకేస్తానని మాటిచ్చాడు.

సెట్టు చలికి బిగుసుకుపోయి ఉంటుందిలే అంటూ బావ బూట్లు తొడుక్కున్నాడు. దారి పొడుగునా ఇద్దరూ అదే మాట ఒకరికొకరు చెప్పుకున్నారు.

మూడో క్యాంపులో రెండు టెంట్లు ఉంటాయి, ఒకటి మనుషులకి, ఒకటి సామానుకి. చుట్టూ అడుగుల గుర్తులు లేవు. పిలిస్తే ఎవరూ పలకలేదు. బావ గ్లవుజు తీసి, జిప్పు లాగాడు.

ఇద్దరూ స్లీపింగ్ బ్యాగుల్లో ఉన్నారు. పళ్ళ డాక్టరు ఎడమ గోడకి మొహం ఆనించి, డ్రాయింగు మాష్టారు కుడి గోడకి మొహం ఆనించి... ముట్టుకుంటే కొయ్యల్లా ఉన్నారు. ఆ చలిలో ఎంత పరాయివాళ్ళయినా వెచ్చదనం కోసం ఒకరినొకరు ఆనుకుని పడుకుంటారు. చిన్ననాటి స్నేహితులైన వీళ్ళు మాత్రం గోడలకి అతుక్కుపోయారు. నడుమ ఒక మనిషి పడుకునేంత చోటు వదిలేశారు.

పొడుగోడికి ఏడుపు వచ్చింది. బావ మాత్రం ఆ ఖాళీ వైపే చూస్తున్నాడు.

"నిరుడు కూడా ఇంతేరా" అన్నాడు మెల్లగా. "నేనేగా దించింది. అప్పుడూ నడుమ ఇలాగే ఉంది. ఎవరికీ చెప్పలేదు."

వెంటనే దిగిపోవాలని ఇద్దరికీ ఉంది. కానీ జిప్పు మూసేసరికే గాలి లేచింది. కాసేపట్లో చాచిన చెయ్యి కనబడనంతగా మంచు కొట్టడం మొదలైంది. ఇప్పుడు తాడు పట్టుకుని దిగడమంటే చేజేతులా చావడమేనని, సామాను టెంటులో ఉండిపొమ్మని మేనేజరు సెట్టులో అరిచాడు. వేరే దారి లేదు. సామాను బయటికి గెంటి, ఇద్దరూ లోపల దూరారు.

చీకటి పడింది. గాలికి టెంటు గుడ్డ ఎవరో చేతులతో బాదుతున్నట్టు కొట్టుకుంటోంది. స్టవ్వు గ్యాసు వాసన, తడిసిన మేజోళ్ళ వాసన. నువ్వు పడుకో అంటే నువ్వు పడుకో అని కాసేపు వాదించుకున్నారు. చివరికి బావే ఓడిపోయి, తను నిద్రపోతే మోచెయ్యి కాస్త చూసి వాడమని చెప్పి కళ్ళు మూసుకున్నాడు. ఎప్పటిలాగే పొడుగోడి మోకాళ్ళు బావ వీపుకి ఆనాయి. ఆ స్పర్శ ఆ రాత్రి వాడికి కొండంత ధైర్యంగా ఉంది.

చెవులు రిక్కించి విన్నాడు. నాలుగు పెద్ద ఊపిర్లు. ఆగింది. మళ్ళీ మొదలైంది. ఆగింది... ఈసారి ఆలస్యమైంది. మోచేత్తో పొడిచాడు. బావ ఏదో గొణిగి గాలి లాగాడు. అలా ఎంతసేపు గడిచిందో తెలీదు. ఎప్పుడో గాలి కాస్త నెమ్మదించింది.

అప్పుడు బావ ఊపిరి కుదుటపడింది. లోపలికి, బయటికి. లోపలికి, బయటికి. ఎక్కడా ఆగకుండా, ఆదివారం మధ్యాహ్నం కడుపు నిండా తిని పడుకున్నవాడిలా. బావ ఒంటికి ఎత్తు పడిందని పొడుగోడు సంబరపడ్డాడు. ఇక గండం గడిచిందనుకున్నాడు. ఆ ఊపిరి వింటుంటే వాడికీ రెప్పలు బరువెక్కాయి. టెంటులో చలి తగ్గింది. వాన రోజున తలుపులన్నీ మూసుకుని నలుగురు పడుకున్న గదిలో ఉండే వాసన, వెచ్చదనం. హాయిగా కాళ్ళు బారజాపాడు.

కాళ్ళు బారజాపాడు...

కళ్ళు తెరిచాడు. కటిక చీకటి. ఈ టెంటులో తను కాళ్ళు ఎలా చాపగలిగాడు? బావ వీపు ఏది? ముక్కుకి చల్లగా ఏదో తగులుతోంది. టెంటు గుడ్డ. తను గోడవైపు తిరిగి ఉన్నాడు. ఎప్పుడు తిరిగాడో గుర్తు లేదు.

వెనకాల ఊపిరి నడుస్తూనే ఉంది. లోపలికి, బయటికి. ఇంత ఎత్తులో ఎవరూ అలా ఊపిరి తీయలేరు. ఎవరూ...

మెడ వెనక వెచ్చగా తగిలింది.

"బావా" అన్నాడు. గుసగుసలా, పెదవులు కదిలీ కదలకుండా.

జవాబు దూరం నుంచి వచ్చింది. అవతలి గోడ దగ్గర్నుంచి.

"కదలకురా."

"బావా... ఈ ఊపిరి నీదేనా?"

ఆ ఊపిరి ఒకటే, ఇద్దరి నడుమ.

"నీదనుకుని వింటున్నా" అన్నాడు బావ.

పొడుగోడికి ఒళ్ళంతా చెమట పట్టింది. భయం అంటే ఏమిటో అంతవరకూ తనకి తెలుసనుకున్నాడు. ఏమీ తెలీదని అప్పుడు తెలిసింది. తిరిగి చూడాలంటే మెడ తిరగడం లేదు. అక్క మాట గుర్తొచ్చింది. బావని దించాలి. దించకుండా తను దిగకూడదు. వేళ్ళు వెతుక్కుంటూ వెళ్ళి తలకి కట్టుకున్న లైటు నొక్కాయి.

ఊపిరి ఆగిపోయింది.

నడుమ ఎవరూ లేరు. ఖాళీ. అవతలి గోడకి అతుక్కుని బావ, తెరిచిన కళ్ళతో. పొడుగోడు లైటు పైకి తిప్పాడు. మనిషి ఊపిరి తగిలిన చోట టెంటు గుడ్డకి లోపలివైపు మంచు పేరుకుంటుంది, పడుకున్నవాడి తలకి సరిగ్గా పైన. బావ తల పైన పలచటి పొర ఉంది. తన తల పైనా పలచగానే ఉంది. నడుమ, ఎవరూ లేని చోటికి పైన, దూదిలా దట్టంగా కట్టి ఉంది. ఇద్దరూ చూస్తుండగానే అది ఇంకాస్త తెల్లబడింది.

పొడుగోడు జిప్పు పీకేశాడు. బూట్లు ఎలా తొడిగాడో, తాడు ఎలా బిగించాడో వాడికే తెలీదు. బావ మాత్రం లేవడం లేదు. వెచ్చగా ఉందని, ఇంకాసేపు పడుకుంటానని, తెల్లారాక వెళ్దామని పసిపిల్లాడిలా గునుస్తున్నాడు. కాలరు పట్టి లాగాడు. చెంప మీద కొట్టాడు. పుట్టి బుద్ధెరిగాక బావ మీద చెయ్యెత్తడం అదే మొదటిసారి.

"అక్కకి నేనేం చెప్పను? లే బావా, లే" అంటూ ఈడ్చుకొచ్చి మంచులో పడేశాడు.

తాడు పట్టుకుని గుడ్డిగా దిగారు. ముందు పొడుగోడు, వెనక బావ. వెనక నుంచి బావ రొప్పు వినబడుతోంది, తెగుతూ, అతుక్కుంటూ, దగ్గుతూ. మనిషి రొప్పు అంత తియ్యగా ఉంటుందని పొడుగోడు ఎప్పుడూ అనుకోలేదు. అది వినబడినంతసేపూ దేవుడికి దండాలు పెట్టుకుంటూ దిగాడు. తెలతెలవారుతుండగా రెండో క్యాంపు టెంట్లు కనబడ్డాయి.

యాత్ర అక్కడితో ఆపేశారు. వాతావరణం తెరిపిచ్చాక మిగతావాళ్ళు వెళ్ళి ఆ ఇద్దరినీ దించారు. కాగితాల మీద మళ్ళీ ఎత్తు అనే రాశారు. డాక్టరమ్మ బావ గుండె మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విని, అంతా బాగానే ఉందని చెప్పింది. అక్క ఫోనులో ఏడ్చి, ఆ తర్వాత తమ్ముణ్ణి ముద్దుగా తిట్టింది.

కొన్నాళ్ళకి ఒక మధ్యాహ్నం పొడుగోడు అక్క ఇంటికి వెళ్ళాడు. కింద షాపులో రబ్బరు వాసన, గ్రీజు వాసన. షట్టరు సగం దించి ఉంది. పైన అక్క తలుపు తీసి, మీ బావ భోంచేసి కునుకు తీస్తున్నాడని, వెళ్ళి కూర్చోమని చెప్పి వంటింట్లోకి వెళ్ళింది.

గదిలో కిటికీ నుంచి ఎండ పడుతోంది. వీధిలో పిల్లలు ఆడుకుంటున్నారు. బావ మంచం మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. ఊపిరి వినబడుతోంది, లోపలికి, బయటికి, ఎక్కడా ఆగకుండా. పొడుగోడు గుమ్మంలోనే ఆగిపోయాడు. ఊళ్ళో అందరి ఊపిరీ ఇలాగే ఉంటుందని తనకి తనే చెప్పుకున్నాడు. చెప్పుకుని, మంచం అంచున కూర్చుని, ఊరికే మనసు కుదుటపడడానికని బావ ఛాతీ మీద అరచెయ్యి వేశాడు.

ఛాతీ పెద్దగా లేచింది, దిగింది. నాలుగైదుసార్లు. ఆగిపోయింది.

ఊపిరి చప్పుడు ఆగలేదు.

అరచేతి కింద ఛాతీ బల్లలా ఉంది. చప్పుడు మాత్రం సాగుతోంది. పొడుగోడు తల ఎత్తేసరికి బావ కళ్ళు తెరిచి తనవైపే చూస్తున్నాడు.

"మీ అక్కకి చెప్పకు" అన్నాడు గుసగుసగా.

"వదిలించుకుందాం బావా. ఏదో ఒకటి చేద్దాం."

"వదిలిస్తే నా ఊపిరి ఎవరు తీస్తారురా?"

కింద ఎవరో సైకిలు బెల్లు కొట్టారు. బావ లేచి, చొక్కా తొడుక్కుని, ఏమీ జరగనట్టు మెట్లు దిగి వెళ్ళాడు. అక్క కాఫీ గ్లాసులతో వచ్చి ఆ మంచం మీదే కూర్చుంది. మొహం కళకళలాడుతోంది. బావ నిద్ర చూస్తే తనకే ముచ్చటేస్తోందని, కొండ మీది రోజుల్లో ఎంత భయపడేదాన్నో అని చెప్పుకుపోయింది.

"ఆ ఊపిరి వింటే చాలు, నాకూ ఇట్టే నిద్ర పట్టేస్తోందిరా. రాత్రి మెలకువొస్తే పక్కన లేడు. కింద షాపులో ఏదో సర్దుకుంటున్నాడు. అయినా నా చెవి పక్కన వినబడుతూనే ఉంది. అలవాటు అంటే అలా ఉంటుంది."

పొడుగోడు గ్లాసు కింద పెట్టాడు. ఒక్కసారి ఊపిరి బిగబట్టమని అక్కని అడిగాడు. ఇదేం ఆటరా అని నవ్వుతూనే ఆమె ముక్కు మూసుకుంది. వాడూ బిగబట్టాడు.

కింద బావ సైకిలుకి పంపు కొడుతున్నాడు. మంచం మీద ఊపిరి మాత్రం ఆగలేదు, లోపలికి, బయటికి. అక్క మొహం మీద నవ్వు మెల్లగా ఆరిపోయింది.