అయిదో సెకను

“కూర్చోవయ్యా,” అన్నాడు చీఫ్ మూడోసారి. మాస్టారు కూర్చోలేదు. గోడ గడియారం పది ఇరవై చూపిస్తోంది.

‘మాస్టారు’ అన్నది డిపార్ట్‌మెంట్ పెట్టిన కోడ్ నేమ్. ఆ పేరు కోసం ఎవరూ పెద్దగా బుర్ర ఖర్చు పెట్టలేదు. గూఢచారి కాకముందు అతను పన్నెండేళ్లు కాలేజీలో ఫిజిక్స్ చెప్పాడు.

బ్రీఫింగ్ రెండు నిమిషాల్లో ముగిసింది. పదకొండింటికి మ్యూజియం ఆవరణలో, ఆరుబయట వేసిన బల్ల దగ్గర, రెండు దేశాల ప్రతినిధులు నదీజలాల ఒప్పందం మీద సంతకాలు చేస్తారు. అది గిట్టని విదేశీ ముఠా ఎక్కడినుంచో ఆ బల్ల మీదికి మోర్టార్ గుండు పేల్చబోతోంది. సభ ఆపితే ఒప్పందం మూలపడుతుంది, ముఠాకి కావలసిందీ అదే. కాబట్టి గుండునే ఆపాలి.

“దుబాసీగా కూర్చునేది ఎవరో తెలుసుగా,” అన్నాడు చీఫ్ ఫైలు మూస్తూ.

తెలుసు. మాస్టారి చెల్లెలు. అందుకే అతని కాళ్లు ఒకచోట నిలవడం లేదు.

ముఠాలో ఉంటూ డిపార్ట్‌మెంట్‌కీ కబుర్లు చేరవేసే అందగత్తె ఒకామె ఉంది, కోడ్ నేమ్ నెమలి. నిన్న మాస్టారు ఆమెను రెండే అడిగాడు: గుండు వేగమెంత, గొట్టం వంపెంత. జవాబు లిప్‌స్టిక్ డబ్బీలో వచ్చింది. సెకనుకు నలభై మీటర్లు, ముప్పై డిగ్రీలు.

కారులో లిఫ్ట్ మెకానిక్ యూనిఫాం తొడుక్కుంటూనే మాస్టారు లెక్క కట్టాడు. వేగాన్ని రెండు ముక్కలు చేశాడు. పైకి ఇరవై, ముందుకి ముప్పై అయిదుకి కాస్త తక్కువ. పైకి పోయే ఇరవైని భూమి సెకనుకు పది చొప్పున తినేస్తుంది. రెండు సెకన్లు ఎక్కడం, రెండు దిగడం. ముందుకి పోయేదాన్ని ఎవరూ ముట్టుకోరు. నాలుగు సెకన్లలో నూట ముప్పై ఎనిమిది మీటర్లు.

నల్ల కళ్లద్దాల్లో దాచిన లేజర్‌తో బల్ల నుంచి దూరం కొలుచుకుంటూ వెళ్తే, సరిగ్గా అంత దూరంలో ఒక కారు గ్యారేజీ తగిలింది. లోపల గొట్టమూ లేదు, గుండూ లేదు. టైరు మార్పించుకుంటూ ఎర్ర కారులో నెమలి మాత్రం ఉంది.

“గొడుగు తెచ్చారా?” అన్నాడు మాస్టారు, కోడ్ ప్రకారం.

“వాన రాదన్నారుగా,” అంది ఆమె గోళ్లు చూసుకుంటూ. తర్వాత గొంతు తగ్గించింది. “మీరు అడిగిన రెండూ నిజమే చెప్పాను. మూడోది మీరు అడగలేదు, నేను చెప్పలేదు. నాకు అటు కూడా మాట ఉంటుంది కదండీ.”

మాస్టారు పన్నెండేళ్లు బోర్డు మీద దాదాపు ఎప్పుడూ నేలనుంచి నేలకే బంతులు విసిరించాడు. ఆ అలవాటులోనే గొట్టం ఎంత ఎత్తులో ఉందో అడగడం మర్చిపోయాడు.

తల ఎత్తి చూశాడు. చుట్టుపక్కల ఎత్తయిన కట్టడం ఒక్కటే, ఏడంతస్తుల ఆఫీసు. పాతిక మీటర్లుంటుంది. నాలుగో సెకను చివర గుండు మళ్లీ మేడ ఎత్తుకే వస్తుంది, ఇరవై వేగంతో కిందికి. ఇంకొక్క సెకనులో సరిగ్గా పాతిక మీటర్లు పడుతుంది. ఆ అయిదో సెకనులో ముందుకి మరో ముప్పై అయిదు. మొత్తం నూట డెబ్భై మూడు. మేడ కిందికి పరుగెత్తి బల్లకేసి చూస్తే కళ్లద్దాలు కూడా అదే అంకె చూపించాయి. టైము పది యాభై ఆరు.

ఆదివారం కాబట్టి ఆఫీసు మూసి ఉంది. లిఫ్ట్ చెడి వారమైందనీ, ఇప్పుడా రావడమనీ వాచ్‌మన్ దులిపేశాడు. మాస్టారు ఏడంతస్తులూ మెట్ల మీదే పరుగెత్తాడు.

మేడ మీద మనుషులెవరూ లేరు. గొట్టం కాళ్లు కాంక్రీటులో బిగించి ఉన్నాయి. టైమర్ మీద పదకొండు సెకన్లు. ఏ వైరు తెంపినా పేలేలా అల్లారు. దూరంగా బల్ల దగ్గర చెల్లెలి నీలం చీర కనిపించింది. మాస్టారికి చచ్చేంత భయం వేసింది.

వంపు మార్చే మర ఒక్కటే చేతికి తిరిగింది. తిప్పాడు. నలభై అయిదు, డెబ్భై, తొంభై. గొట్టం నిటారుగా నిలబడింది. ఇక ముందుకి పోయే ముక్క సున్నా, నలభైకి నలభై పైకే. నాలుగు సెకన్లు ఎక్కి, నాలుగు సెకన్లు దిగి, వచ్చి పడేది ఇక్కడే.

గుండు పైకి లేచేసరికి అతను మెట్ల తలుపు దాటాడు. నాలుగు లెక్కపెట్టేసరికి ఆరో అంతస్తు. ఎనిమిదికి అయిదో అంతస్తులో ఉండగా పైన గుండు పడి నీళ్ల ట్యాంకు పేలి, నీళ్లన్నీ మెట్ల మీదుగా అతని నెత్తినే పడ్డాయి.

సంతకాలు పూర్తయ్యాక చెల్లెలు ఫోన్ చేసింది. ఎక్కడో టైరు పేలిందనుకున్నారట, ఎవరూ పెన్ను కూడా దించలేదట.

మాస్టారు చొక్కా పిండుకున్నాడు. కాలేజీలో అతని క్లాసులోనే చదివిన ఈ చెల్లెలు పరీక్షలో, మేడ మీంచి విసిరిన బంతి లెక్కలో ఎత్తు మర్చిపోతే, సున్నా వేసింది మాస్టారే. ఆమె ఏడ్చి, ఫిజిక్స్ మానేసి, భాషల్లో చేరింది.

“చెల్లాయ్, అప్పటి ఆ సున్నా వెనక్కి తీసుకుంటున్నానే.”

“ఇప్పుడెందుకు అన్నయ్యా,” అంది ఆమె. “అది లేకపోతే ఇవాళ ఈ బల్ల దగ్గర కూర్చునేదాన్నా?”