పక్కకు జారిన చిప్ప

మా మనవడు కుక్కలకు ఎక్స్‌రేలు తీస్తాడు. వాడి చేతిలో ఫొటో వంకరపోవడమన్నది భూమ్మీద జరగలేదు. చీమను పడుకోబెట్టినా ఆరు మోకాళ్లూ విడివిడిగా చూపించగలడు.

ఆ ఆస్పత్రికి కొత్తగా వచ్చిన సర్జనమ్మకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు.

"ఏమండీ, ఇది ఎక్స్‌రేనా, పొగమంచా?"

"కుక్క ఊపిరి పీల్చిందండీ."

"మీరూ ఓసారి పీల్చుకుని మళ్లీ తీయండి."

అంతే, మనవాడు పడిపోయాడు. ఆవిడ నోట "బాగా తీశారు" అన్న మాట రావడానికి మూడు నెలలు పట్టింది.

ఆ మర్నాడే ఆవిడ అమ్మమ్మగారి బుజ్జికుక్క వచ్చింది. వెనక కాలు ఎత్తి కుంటుతోంది. మోకాలిచిప్ప గాడి తప్పి లోపలికి జారుతోంది. మత్తిచ్చి పడుకోబెట్టి మనవాడు ఫొటో తీశాడు. సర్జనమ్మ దాని మీద గీతలు గీసి కొలిచింది.

"తొడ ఎముకే వంగిపోయింది. రేపు కోసి సరిచేయాలి" అంది. "అమ్మమ్మకు ఇదొక్కటే తోడండీ."

బయట వాన మొదలైంది. మనవాడు ఆ ఫొటోను మళ్లీ చూశాడు. అప్పుడు దొరికింది తను చేసిన తప్పు.

మామూలు కుక్కకైతే ఫొటోలో చిప్ప ఎముక మధ్యన పడేలా తీస్తే కాలు తిన్నగా ఉన్నట్టే. ఈ కుక్క జబ్బే చిప్ప మధ్యలో లేకపోవడం! అలవాటు కొద్దీ ఆ జారిన చిప్పే మధ్యన పడేలా కాలు సర్దాడు. దాంతో కాలంతా పక్కకు తిరిగింది. తిన్నని ఎముక వంకరగా పడింది.

వంకరపోలేదన్నానా? పోయింది. ముసలాడి మాటలు అలాగే ఉంటాయి.

చెబితే నిన్న దక్కిన మెప్పు ఇవాళే పోతుంది. చెప్పకపోతే రేపు మంచి ఎముకకు కోత. కాలుగాలిన పిల్లిలా వరండాలో నాలుగుసార్లు తిరిగి, తలుపు తట్టాడు.

"డాక్టర్‌గారూ, ఎముక బాగానే ఉందేమో. తప్పు నాది." జరిగింది చెప్పేశాడు.

ఆవిడ ఫొటోను మళ్లీ తెర మీద పెట్టి చూసింది.

"నేనూ పట్టుకోలేదు. రండి, ఇద్దరం తీద్దాం."

ఈసారి చిప్పను వదిలేసి, తొడ ఎముకనే ఆధారం చేసుకుని కాలు సర్దారు. ఎక్స్‌రే కిరణాలు తగలకుండా అడ్డుపెట్టిన సీసపు అద్దం వెనక చోటు ఒక్కరికే. ఇద్దరూ ఇరుక్కుని నిలబడ్డారు. ఫొటో వచ్చింది. ఎముక స్కేలు పెట్టి గీసినట్టుంది. చిప్ప కూర్చునే గాడి మాత్రం లోతు లేదు.

"గాడి లోతు చేసి, చిప్పను లాగి నిలబెడితే చాలు" అని ఆవిడ నవ్వేసింది. "అవునుగానీ, కంప్యూటర్లో పంపాల్సిన ఫొటోలు రోజూ చేత్తో పట్టుకొస్తారేం?"

"నెట్ సరిగ్గా ఉండదండీ."

"నా గదిలో బ్రహ్మాండంగా ఉంది."

"అయితే... మీకోసమేనండీ."

ఆవిడ అద్దం వెనక నుంచి కదల్లేదు. వాడు మాత్రం ఎందుకు కదులుతాడు?

నెలన్నరకి కుక్క నాలుగు కాళ్ల మీద పరుగెత్తింది. అమ్మమ్మగారు మావాణ్ని ఎగాదిగా చూసి, "తప్పు ఒప్పుకున్న మగపిల్లాణ్ని ఇన్నేళ్లకి చూశానే! బాబూ, ఆదివారం మీ పెద్దవాళ్లని తీసుకుని మా ఇంటికి రా" అన్నారు.

వెళ్లింది నేనే. సంబంధం ఖాయం చేసుకునే వచ్చాను.

ఇందులో నేను కల్పించింది ఒక్కటే, ఆ వాన. ఆ రోజు మాడు పగిలే ఎండ. కానీ ప్రేమకథను పొడిపొడిగా చెబితే మీరు వింటారా?